మేము తవ్వని ఆరో గుంత

నా చేతులతో ఎందరిని మట్టిలో పెట్టానో నాకే తెలియదు. ఒక్కరూ లేచి రాలేదు, కలలోకి వచ్చి పీడించలేదు. అందుకే మా ఊళ్ళో ఎవరైనా "అన్నేళ్ళు గోరీల మధ్య బతికినావు కదా, ఏమీ కనపడలేదా?" అని అడిగితే నాకు నవ్వొస్తుంది. ఎండ కనపడింది, దుమ్ము కనపడింది, అప్పుడప్పుడు ఉడుము లాంటి ఎడారి బల్లి కనపడింది అంటాను. దయ్యాలే ఉంటే ముందు మా మీదికే రావాలి. వాళ్ళ పక్కలు వేసింది మేమే కదా.

ఒక్క సంగతిని మాత్రం ఇలా నవ్వి తోసెయ్యలేకపోతున్నాను. అది పట్టపగలు జరిగింది. అప్పుడు నాకు జ్వరం లేదు, నిద్రమత్తు లేదు. నాతోపాటు ఇంకో ఇద్దరు చూశారు.

మాది కడప జిల్లాలో రాయచోటి దగ్గర పల్లె. దూదేకులవాళ్ళం. మా ఇంట్లో మాట తెలుగే. ఉర్దూ నేను సౌదీ పోయాకే, పాకిస్తానీలతో కలిసి పనిచేస్తూ నేర్చుకున్నాను. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పెళ్ళివారి పరుపు కుడితే దాని మీద తాను ఒకసారి పొర్లి చూసి, గడ్డలు తగలకపోతేనే ఇచ్చేవాడు.

రియాద్‌లో నేను మొదట బిల్డింగుల కంపెనీలో ఉండేవాణ్ణి. నితాఖత్ వచ్చింది. కంపెనీలో సౌదీలు ఉండాల్సినంత మంది లేకపోతే ఆ కంపెనీని ఎర్ర రంగులో పెడతారు, అక్కడి పనివాళ్ళ ఇఖామాలు, అంటే దేశంలో ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావు. మా కంపెనీ ఎర్రలో పడింది. ఇంటికి పోవడమో, ఇంకో యజమాని, అక్కడి మాటలో కఫీల్, కిందికి మారడమో తేల్చుకోవాలి. బలదియాలో, అంటే మునిసిపాలిటీలో, పనులు కాంట్రాక్టు తీసుకునే ఒక చిన్న సంస్థ మనుషుల్ని తీసుకుంటోందంటే పోయాను. తోటపని అనుకున్నాను. వ్యాను ఎక్కించుకుని ఊరి చివర సులై పేట దాటి, గోదాములు, వర్క్‌షాపులు అయిపోయిన చోట, ఎత్తు ప్రహరీ ఉన్న ఒక మైదానం ముందు దింపారు. అది ఖబరస్తాన్.

మొదటిరోజే వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. ఫోన్‌లో మా ఆవిడ రమీజాకు చెబితే, "ఎవరో ఒకరు చేయాల్సిన పనే కదా, శుభ్రంగా చెయ్యి" అంది. ఊళ్ళో ఎవరడిగినా ఆమె దాచలేదు. మా ఆయన గోరీలు తవ్వుతాడు అని సూటిగానే చెప్పేది.

అక్కడి పద్ధతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. పెట్టె ఉండదు, సిమెంటు ఉండదు, పాలరాయి ఉండదు. ముందు మనిషి ఛాతీ లోతున గుంత. ఆ గుంత అడుగున కిబ్లా వైపు, అంటే మక్కా వైపు, గోడలోకి మనిషి పట్టేటంత అర తవ్వుతారు. దాన్ని లహద్ అంటారు. తెల్ల కఫన్ గుడ్డ‌లో చుట్టిన మనిషిని అందులో కుడిపక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, పచ్చి ఇటుకలు నిలబెట్టి మూసి, సందుల్లో తడిమట్టి కుక్కి, పైన మన్ను పోస్తారు. జానెడు ఎత్తు కుప్ప, తలవైపు ఒక రాయి. పేరు రాయరు. లక్షాధికారి అయినా లేబర్ అయినా అంతే. కొన్నేళ్ళకు మన్ను మన్నులో కలిసిపోతుంది. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది.

ఆ స్థలాన్ని నడిపింది కాగితాల మీద మా సంస్థే గానీ, నిజంగా నడిపింది అబూ సాలెహ్. ఆయన ఆ పేటలోని సౌదీ ముసలాయన, బడిలో పంతులుగా చేసి రిటైరయినవాడు. జీతం లేదు, ఎవరూ పెట్టిన ఉద్యోగం కాదు. రోజూ తన పాత పికప్‌లో వచ్చేవాడు. ఆ రోజు మట్టికి ఎన్ని జనాజాలు వస్తున్నాయో ముందుగా మసీదులకు ఫోన్ చేసి కనుక్కునేవాడు. ఖావా కాఫీ, ఖర్జూరాలు తెచ్చి మాతోపాటు నేల మీద కూర్చుని తాగేవాడు. మమ్మల్ని "నా కొడుకులు" అని జనాజాకు వచ్చినవాళ్ళకు చెప్పేవాడు.

మాకు పని నేర్పింది మాత్రం జమాన్ చాచా. పాకిస్తాన్‌లో పర్వతాల వైపు పఠాను. పొట్టి మనిషి, ఎడమచేతివాటం. నేనూ, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఆలమూ ఆయన చేతి కింద తయారైనవాళ్ళమే. మేము లహద్‌ను తలవైపు నుంచి మొదలుపెట్టి కాళ్ళవైపు కోసుకుంటూ పోతాం. ఆయన కాళ్ళవైపు నుంచి తలవైపు పోయేవాడు. గోడ మీద పార గుర్తులు చూస్తే చాలు, అది ఎవరి పనో చెప్పెయ్యొచ్చు. మావి ఒకపక్కకు వాలి ఉంటాయి, ఆయనవి ఇంకోపక్కకు.

ఆయనకొక అలవాటు ఉండేది. లహద్ కోయడం అయ్యాక అందులో తానే ఒకసారి కుడిపక్కకు ఒత్తిగిలి పడుకునేవాడు. వీపుకో, భుజానికో రాయి తగిలితే లేచి తీసేసి మళ్ళీ పడుకునేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆ తర్వాత నేను ఆ పని మానేసి ఇంటికి పోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

తర్వాత లెవీ వచ్చింది. ఒక్కొక్క విదేశీ పనివాడి మీదా కంపెనీ నెలనెలా గవర్నమెంటుకు కట్టాలి. ఏటేటా అది పెరిగింది. రియాద్ బతా పేటలో మేము తినే మెస్సులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. మా సంస్థ కూడా మనుషుల్ని తగ్గించుకుంది. ముందు తోటమాలులు పోయారు. తర్వాత ఇటుకలు చేసేవాళ్ళు పోయారు, ఇటుకలు బయట నుంచి తెప్పించడం మొదలుపెట్టారు. ఆ చలికాలంలో జమాన్ చాచాకు వీసా ముగించి ఎగ్జిట్ కొట్టేశారు. వయసు మళ్ళిన మనిషి మీద లెవీ కట్టడం దండగ అన్నారు. పోయేరోజు ఆయన ఏడవలేదు. అక్కడ తాను తన చేత్తో పడుకోబెట్టినవాళ్ళ మధ్య ఒకసారి ఆ చివరి దాకా నడిచి, అందరికీ సలాం చెప్పి వచ్చి వ్యాను ఎక్కాడు.

మిగిలింది నేను, ఆలం. అంత పెద్ద మైదానానికి ఇద్దరమే. అయినా మా దగ్గరికి వచ్చిన ఏ జనాజానూ ఆపలేదు. గుంత సిద్ధంగా లేదని ఎవరినీ వేచి ఉండమనలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, ఎక్కువ చేసి చెప్పడమూ లేదు.

అది ఎండాకాలం. ముందురోజు సాయంత్రం అద్దె జేసీబీ వచ్చి వరసగా గుంతలు తీసింది. లహద్ చేత్తోనే కోయాలి గానీ పై గుంత మిషన్‌తో తీస్తారు, ఎందుకంటే ఆ నేల సున్నపురాయి కలిసిన గట్టి నేల. అయిదు గుంతలు అయ్యాయి. ఆరోదానికి బకెట్ ఆనించగానే హైడ్రాలిక్ పైపు పగిలి నూనె నేల మీద కారింది. అరచేయి లోతు కూడా తెగలేదు. మిషన్‌ను లాక్కుపోయారు. ఆ నల్లటి నూనె మరక అక్కడే ఉండిపోయింది.

తెల్లవారాక అబూ సాలెహ్ ఫోన్ చేశాడు. దారిలో కారు ప్రమాదం, ఒకే కుటుంబం, పిల్లలు కూడా ఉన్నారు, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత అయిదు జనాజాలు వస్తాయి అన్నాడు. మేమిద్దరం పారలు పట్టుకుని దిగాం. ఎండ ముదిరేలోపు నాలుగు లహద్‌లు కోశాం. నావి రెండు, ఆలంవి రెండు. అయిదోది మిగిలింది.

మధ్యాహ్నం ఎండలో బయట పని చేయించకూడదని ఎండాకాలంలో అక్కడ చట్టం. ఎవరూ చూడకపోయినా అబూ సాలెహ్ దాన్ని తప్పనిచ్చేవాడు కాదు. ఆయన భోజనానికి ఇంటికి పోయాక గేటుకు గొలుసు వేసి తాళం పెట్టి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. మేము గేటు పక్కనున్న పోర్టా కేబిన్‌లో నమాజు చేసి, రొట్టె తిని, ఏసీ కింద నడుం వాల్చాం. జమాన్ చాచా వదిలిపోయిన మూడో పార కేబిన్‌లోనే మూలకు ఆనించి ఉంది. మా రెండు పారలు కూడా లోపలే పెట్టుకున్నాం, బయట పెడితే పిడి చెయ్యి కాలేలా వేడెక్కుతుందని.

చల్లబడే వేళకు లేచి బయటికొచ్చాం. నేను అయిదో గుంతలోకి దిగాను. ఆలం ఇటుకలు బండిలో వేసుకుని వరస వెంట పోయాడు. కాసేపటికి నా తల మీద నీడ పడితే పైకి చూశాను. ఆలం నిలబడి, ఆరోదాన్ని ఎందుకు తవ్వావు, అయిదే కదా కావాల్సింది, ఒంట్లో బలం ఎక్కువైందా అని హిందీలో వేళాకోళం చేశాడు. నేను తవ్వలేదన్నాను. నేనూ తవ్వలేదన్నాడు. నేను అతను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. అతనూ నా గురించి అదే అనుకుంటున్నాడని ముఖం చూస్తే తెలిసింది.

పైకెక్కి పోయి చూశాను. నూనె మరక ఉన్నచోట గుంత ఉంది. అంచులు తీర్చిన, ఛాతీ లోతు గుంత. పక్కన మట్టికుప్ప. పొద్దున మేము తీసిన మట్టి ఎండకు ఆరి తెల్లబడిపోయింది. ఆ కుప్ప మాత్రం ఇంకా లోపలి తేమతో ముదురు రంగులోనే ఉంది. నూనెతో నల్లబడిన పైమట్టి కుప్ప అడుగున అంచులో కనిపిస్తోంది. అంటే ఎవరో అక్కడే, పై నుంచి మొదలుపెట్టి తవ్వారు. ఆ నేలలో అంత గుంతను చేత్తో తీయాలంటే ఒక మనిషికి పొద్దంతా పడుతుంది.

లోపలికి దిగాను. లహద్ కూడా కోసి ఉంది. గోడ మీద పార గుర్తులు చూశాను. అవి మా వైపు వాలి లేవు. అటువైపు వాలి ఉన్నాయి. కాళ్ళ దగ్గర మొదలై తలవైపు పోయాయి.

వంగి లహద్ అడుగున చూశాను. మెత్తటి మట్టి ఒకచోట అణిగి ఉంది. భుజం ఆనిన చోట చిన్న పల్లం, తుంటి ఆనిన చోట ఇంకొకటి. ఎవరో కుడిపక్కకు ఒత్తిగిలి పడుకుని లేచినట్టు. ఆ అచ్చు ఒక పొట్టి మనిషిది. లహద్ మాత్రం మామూలుకంటే బాగా పొడవు. ఇది నా ఒక్కడి కన్నే అయితే రాసేవాణ్ణి కాదు. ఆలమూ దిగి చూశాడు. చూసి, పైకెక్కి దూరంగా పోయి కూర్చున్నాడు.

గేటు గొలుసు వేసింది వేసినట్టే ఉంది. ప్రహరీ నా ఎత్తుకు రెండింతలు. అడుగుజాడలు చూద్దామంటే ఆ చుట్టూ ఉన్నవన్నీ మా చెప్పుల గుర్తులే.

అబూ సాలెహ్ వచ్చాక చూపించాం. ఆయన అంచున నిలబడి చాలాసేపు చూశాడు. ఎవరినైనా పంపారా అని అడిగాను. లేదన్నాడు. నవ్వుతాడేమో, కోప్పడతాడేమో అనుకున్నాను. తెరిచిన గుంతను వదిలెయ్యకూడదు, ఇటుకలు దీనికి కూడా పెట్టండి అని మాత్రం చెప్పాడు.

అసర్ తర్వాత ఆ కుటుంబం వచ్చింది. జనం చాలామంది వచ్చారు. అయిదుగురినీ పక్కపక్కన పడుకోబెట్టాం. నేనూ ఆలమూ ఒక్కసారి కూడా తడబడలేదు. ఆ పిల్లల తాత నా మట్టిచేతిని పట్టుకుని దువా చేశాడు. అందరూ పోయి దుమ్ము అణిగాక నేను గేటు మూయబోతుంటే ఒక అంబులెన్సు వచ్చి ఆగింది.

డ్రైవర్ దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి. ఆసుపత్రి నుంచి రావాల్సిన ఫోన్ మాత్రం అబూ సాలెహ్‌కు రాలేదు. అంబులెన్సులో నుంచి ఒకతను దిగాడు. సులైలో వెల్డింగ్ పని చేసే నర్సయ్య, జగిత్యాల వైపు. నేను తెలుగువాణ్ణని తెలియగానే అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది. పోయినాయన పేరు బాషా. నంద్యాల వైపు మనిషి, ట్రెయిలర్ డ్రైవర్, ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే రూములో ఉన్నారు. ఆయన గుండె ఆగి పోయాక, కంపెనీ మూతబడి కాగితాలు కదల్లేదు. ఇంటివాళ్ళు అక్కడే మట్టి చేయమన్నారు. నర్సయ్యే ఆఫీసుల చుట్టూ తిరిగి ఇక్కడిదాకా తెచ్చాడు.

"మళ్ళ రేపు రమ్మంటరా అన్నా?" అని అడిగాడు. "నాకు ఈ రాత్రికే ఫ్లైటు. ఎగ్జిట్ కొట్టిన్రు. రేపైతే ఈయన ఎంబడి ఎవ్వలుండరు."

ఆరో గుంత లేకపోతే నేనేం చెప్పేవాణ్ణో తెలియదు. ఉంది కాబట్టి, జాగా సిద్ధంగా ఉందని చెప్పాను.

స్ట్రెచర్ లోపలికి తీసుకుపోతుంటే అతను గేటు దగ్గరే ఆగిపోయాడు.

"నేను హిందువును అన్నా. లోపటికి రావచ్చునా?"

నేను అబూ సాలెహ్ వైపు చూసి సంగతి చెప్పాను. ఆయన పోయి నర్సయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"రాప్పా," అన్నాను. "నీ మనిషే కదా. నువ్వు రాకుంటే ఎట్ల?"

కఫన్‌లో ఉన్న మనిషిని స్ట్రెచర్ మీద నుంచి ఎత్తినప్పుడు తెలిసింది, ఎంత పొడగరో. నేను అన్నేళ్ళలో అంత పొడుగు మనిషిని దించలేదు. "రూంల ఆయన కాళ్లు మంచం దాటి బయటనే ఉంటుండె," అన్నాడు నర్సయ్య మెల్లగా. మామూలు లహద్ అయితే అప్పటికప్పుడు మళ్ళీ తవ్వాల్సి వచ్చేది, లేకపోతే మోకాళ్ళు మడవాల్సి వచ్చేది. అలా మడవడం మాకు ఇష్టం ఉండదు. నేను తలవైపు, ఆలం కాళ్ళవైపు దిగి బాషాను లోపలికి జరిపాం. తల దగ్గర నుంచి పాదాల దాకా చక్కగా సరిపోయాడు. ఆలం తలెత్తి నా వైపు చూశాడు. నేను ఇటుక అందుకున్నాను.

పైన మట్టి పోసేటప్పుడు నర్సయ్య కూడా మాతోపాటు దోసిళ్ళతో పోశాడు. అబూ సాలెహ్ దువా చేస్తుంటే అతను చేతులు జోడించుకుని నిలబడ్డాడు. ఫోన్‌లో ఆ చోటు ఫోటో తీసి బాషా వాళ్ళ ఇంటికి పంపాడు. పోయేముందు మా ఇద్దరినీ కావలించుకున్నాడు. చొక్కా నిండా మట్టి అంటుకుంటే దులుపుకోలేదు.

మర్నాడు శుక్రవారం, మాకు పని పడలేదు. జుమ్మా అయ్యాక బతాలో ఒకచోట కూర్చుని జమాన్ చాచాకు ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే ఎవరైనా వేరేవాళ్ళు ఎత్తుతారేమో, ఏదైనా చెడ్డ కబురు వింటానేమో అని జంకుతూనే చేశాను. ఆయనే ఎత్తాడు. బాగున్నాడు. మనవళ్ళు, ఆవులు, ఊళ్ళో వానలు, అన్నీ చెప్పాడు.

నేను కావాలనే ఎక్కువ చెప్పలేదు. నిన్న ఒక్కరోజే ఆరుగురిని పడుకోబెట్టాం చాచా అన్నాను. అంతే. గుంత సంగతి గానీ, బాషా సంగతి గానీ ఎత్తలేదు.

తర్వాత ఆయన అడిగాడు.

"ఆఖరీ వాలే కీ లంబాయీ పూరీ ఆయీ, బేటా?"

చివరి ఆయనకు పొడవు సరిపోయిందా అని.

సరిపోయింది చాచా అన్నాను. నీకెలా తెలుసు అని వెంటనే అడిగాను. ఏం తెలుసు అన్నాడు. పొడవు సంగతి అన్నాను. ముసలి నోరు, ఏదో వచ్చింది అన్నాడు. నిన్న మధ్యాహ్నం ఏం చేశావని అడిగితే, పడుకున్నానన్నాడు. ఆలం మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని మాట మార్చాడు. తర్వాత ఎన్నోసార్లు ఫోన్ చేశాను. ఆ మాట తాను అన్నట్టే గుర్తు లేదంటాడు. అబద్ధం చెప్పే మనిషి కాడు.

తర్వాత రెండేళ్ళకు నన్నూ లెవీ ఇంటికి పంపింది. ఇప్పుడు మా పల్లెలో ఉంటున్నాను. ఎవరైనా పోతే ఖబరస్తాన్‌కు పిలుస్తారు. డబ్బు తీసుకోను. కుర్రాళ్ళకు పని నేర్పుతున్నాను.

ఈ సంగతి విన్నవాళ్ళు తలా ఒకటి చెబుతారు. వేరే కాంట్రాక్టువాళ్ళు గోడ దూకి వచ్చి తవ్వి ఉంటారని ఒకరు. ఆ గుంత ముందే ఉండి ఉంటుంది, మీరు గమనించలేదని ఇంకొకరు. నూనె మరక సంగతి చెబితే ఊరుకుంటారు. భయం వెయ్యలేదా అని రమీజా అడిగింది. భయం అప్పుడూ వెయ్యలేదు, ఇప్పుడూ లేదు. ఆ వరసలో ఆరింటినీ తలుచుకుంటే నాకు ఒకటే అనిపిస్తుంది. మా అయిదింటికంటే ఆ ఆరోది బాగా కుదిరింది. గోడ నునుపుగా ఉంది, అడుగున ఒక్క రాయి లేదు. ఎవరు తవ్వారో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిస్తే పోయి ఆ చెయ్యి ముద్దు పెట్టుకునేవాణ్ణి.